మేస్త్రీ పక్కన లేనప్పుడు

ఈమధ్య మా యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పీహెచ్‌డీలో చేరిందట. "సార్, సంస్థల్లో ఇన్నోవేషన్ మీద చేద్దామనుకుంటున్నాను. క్వశ్చనేర్ తయారైపోయింది, ఒక్కసారి చూసిపెడతారా?" అంది. పంపమన్నాను. నలభై రెండు ప్రశ్నలు, ప్రతిదానికీ ఒకటి నుంచి అయిదు దాకా గడులు. చూడగానే దాదాపు నలభై ఏళ్ల కిందటి నా పాపం కళ్లముందు కదిలింది. రెండు ముక్కలు జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. అంకెలు వేశాను గానీ వాటిలో పెద్ద క్రమమేమీ లేదమ్మాయ్. ఫోన్లో చదువుతూ మధ్యలో ఆపితే ఎక్కడ ఆపావో గుర్తుంటుందని వేశాను, అంతే.

1. ఏం అడిగావన్నది తర్వాత సంగతి. ఎక్కడ నిలబడి అడిగావు?

1987లో నా ఫీల్డ్ వర్క్ చిలకలూరిపేట దారిలో ఒక స్పిన్నింగ్ మిల్లులో. పేరు చెప్పను. మేనేజరు గారు పెద్దమనిషి. కాఫీ ఇప్పించి, "మీకెందుకండీ శ్రమ, కాగితాలు మాకిచ్చి వెళ్లండి, నింపించి పెడతాం" అన్నారు. నూట ఇరవై ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండానే నూట ఇరవైకి నూట ఇరవై వెనక్కొచ్చాయి. ఇంత రెస్పాన్స్ తన సర్వీసులోనే చూడలేదని మా గైడు గారు మురిసిపోయారు. నేను మాత్రం బస్టాండులో బల్ల మీద కూర్చుని తిరగేస్తుంటే అనుమానం తగిలింది. అన్నీ ఒకే నీలం సిరా. అన్నిటిలోనూ టిక్కులు నాలుగో గడిలోనే.

మర్నాడు గేటు బయట టీకొట్టు దగ్గర డాఫింగ్ (నిండిన కండెలు తీసే) పనిచేసే కుర్రాణ్ణి పట్టుకుని అడిగాను. "మేస్త్రీ గారు నాలుగు వెయ్యమన్నారండి. అయిదు వేస్తే మరీ బాగోదంట" అన్నాడు.

అవన్నీ అబద్ధాలనుకుని అప్పట్లో ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడు అలా అనుకోను. ఈ మిల్లులో ఎవరి మాట చెల్లుతుంది అని నేను అడగనే లేదు. దానికి మాత్రం నూట ఇరవై మందీ సరిగ్గా జవాబిచ్చారు.

2. పాత పరిశోధనలు చదివేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టుకో. మొదట ఎంతమంది, చివర ఎంతమంది, మధ్యలో ఎవరు మారారు?

హాథార్న్ ప్రయోగాల గురించి ఎంబీఏ మొదటి సెమిస్టర్లోనే చెప్తారు కదా. షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల ఫ్యాక్టరీ. 1924లో దీపాల వెలుతురుతో మొదలుపెట్టి 1932 దాకా లాగారు. టెలిఫోన్ రిలేలు బిగించే అమ్మాయిల్ని కొందరిని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి, విరామాలు ఇచ్చి, పనిగంటలు తగ్గించి, మళ్లీ పెంచి చూశారు. ఏం చేసినా ఉత్పత్తి పెరిగిందనీ, మనిషిని పట్టించుకుంటే చాలు పని దానంతటదే అవుతుందనీ ఎల్టన్ మేయో పేరు మీద మనం బట్టీపట్టాం. క్లాసులో నేనూ పదేళ్లు అదే వాగాను.

1928 జనవరిలో ఆ గదిలోంచి ఇద్దరు అమ్మాయిల్ని తీసేశారు. కబుర్లు ఎక్కువయ్యాయి, చెప్పినట్టు వినడం లేదు అని. వాళ్ల స్థానంలో చురుకైన ఇద్దరిని తెచ్చిపెట్టారు. కూలి లెక్క కూడా అప్పటికే మార్చారు, మొత్తం డిపార్ట్‌మెంటుతో కాకుండా ఆ చిన్న గుంపు చేసినదాన్ని బట్టే డబ్బు. ఇవేవీ దాచిన సంగతులు కావు, అసలు నివేదికలోనే ఉన్నాయి. 1967లో ఆస్ట్రేలియాలో అలెక్స్ కేరీ అనే ఆయన అవన్నీ ఏరి ముందు పెట్టి, ఇక్కడ పనిచేసింది ఆప్యాయత కాదు, పాత పద్ధతిలో డబ్బూ అదుపూ కదా అన్నాడు. కేరీ పూర్తిగా గెలిచాడని నేననను, వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నాకు పట్టింది మాత్రం ఆ ఇద్దరమ్మాయిలు. అన్ని పాఠ్యపుస్తకాలు చెప్పాను, ఒక్కదాంట్లోనూ వాళ్లు కనబడలేదు.

సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ టేలరూ అంతే. 1911 పుస్తకంలో ఆయన 'ష్మిట్' అని రాసిన మనిషి అసలు పేరు హెన్రీ నోల్. రోజుకి పన్నెండున్నర టన్నుల ఇనుము మోసేవాడు 47 టన్నులు మోశాడని చెప్పాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 అయింది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుని చూడు.

3. గొడుగు ఊచ.

దీనికి పేరేం పెట్టాలో తెలియక అలాగే వదిలేశాను. అదే మిల్లు. కాగితాలతో పని కాదని తెలిశాక రోజూ ఉదయం 'ఏ' షిఫ్టుకి వెళ్లి రింగ్ ఫ్రేముల మధ్య ఊరికే నిలబడటం మొదలుపెట్టాను. మొదటి వారం చెవులు దిబ్బెళ్లు, జుట్టంతా దూది నుసి, అంతకుమించి ఏమీ దక్కలేదు.

దారం తెగితే పైనుంచి వచ్చే దూది ఆగదు, వెళ్లి రోలరుకి చుట్టుకుంటుంది. లాపింగ్ అంటారు. దాన్ని బ్లేడుతో కోసి తీసేవాళ్లు. తొందరగానే వస్తుంది గానీ పై రోలరు రబ్బరుకి గాటు పడుతుంది. గాటు పడ్డ రబ్బరుకి దూది మళ్లీ మళ్లీ అంటుకుంటుంది. మిల్లు తంటా ఇది, రోజుకి వందసార్లు.

ఆ షిఫ్టులో ఒకామె ఉండేది. నలభై ఏళ్లుంటాయేమో. నడుముకి చిన్న గుడ్డసంచి, అందులో విరిగిన గొడుగు ఊచ ముక్క. కొసని రాతి మీద అరగదీసి మొండి చేసి, వేలెడు దూరాన కొంచెం వంచింది. లాపింగ్ పడగానే ఆ కొసని దూది పొర కిందికి దూర్చి మణికట్టు ఒక్క తిప్పు తిప్పేది. చుట్ట చుట్టగానే ఊడొచ్చేది. రబ్బరు మీద గీత కూడా పడేది కాదు. వాచీ పెట్టి చూశాను, బ్లేడుతో పట్టే టైములో సగం కూడా పట్టడం లేదు. ఆ షిఫ్టులో ఇంకో ఆరేడుగురి దగ్గర అలాంటి ఊచలే ఉన్నాయి, ఆమె చేసిచ్చినవే. కదిలే మిషను దగ్గర ఇనపముక్క ఉండకూడదని రూలు. మేస్త్రీకి తెలుసు, తెలియనట్టు తిరిగేవాడు.

పరిశోధకుడికి ఇంకేం కావాలి? పొంగిపోయాను. ఆ సాయంత్రం మేనేజరు గారి గదిలో కాఫీ తాగుతూ చెప్పేశాను. ఆమెకి మెప్పు దక్కుతుందనే అనుకున్నాను.

మూడు నెలల తర్వాత వెళ్తే నోటీసు బోర్డు మీద 'ఈ నెల ఉత్తమ సూచన' అని సూపర్‌వైజరు ఫొటో. వర్క్‌షాపులో ఇత్తడితో అలాంటి ఊచలే చేయించి అందరికీ పంచారు. అక్కడిదాకా బాగానే ఉంది. మిషను ఆగే టైము తగ్గింది కదా అని మనిషి చూసుకోవాల్సిన ఫ్రేము సైడ్లు నాలుగున్నవాటిని అయిదు చేశారు. కూలి అదే.

ఆమె నన్ను తిట్టలేదు. "మాకు షిఫ్టులో ఒక పావుగంట మిగిలేది సార్, కాళ్లు చాపుకోడానికి. అది కాస్తా మీరు వాళ్లకి చెప్పేశారు" అంది. అని ఫ్రేము వైపు తిరిగింది.

ఆ కథతో నాకొక పేపరు అచ్చయింది. సెమినార్లో చదివితే చప్పట్లు కొట్టారు. అందులో ఆమె 'ఆపరేటర్ 7'. అయిదో సైడు సంగతి రాయలేదు. ఉత్పాదకత పెరిగింది అని మాత్రం రాశాను. పెరిగిన మాట నిజమే.

4. కొత్తది అనగానే 'ఎవరికి?' అని అడుగు.

ఈ ఒక్క ప్రశ్న నేర్పడానికి నాకు హారీ బ్రేవర్‌మన్ కావాల్సొచ్చాడు. 'లేబర్ అండ్ మోనోపలీ క్యాపిటల్', 1974. ఆయన యూనివర్సిటీలో పెరిగినవాడు కాదు. రాగిపని నేర్చి, ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల్లో చేసినవాడు. పనివాడి చేతిలో ఉన్న తెలివిని తీసి ఆఫీసు గదిలోకి చేర్చడమే ఆధునిక మేనేజ్‌మెంటు చేసిన ఘనకార్యం అంటాడు. అది చదువుతుంటే మేనేజరు గారి గదిలో కాఫీ గ్లాసుతో కూర్చున్న నేనే కనబడ్డాను. చేరవేసింది నేనే కదా.

1992లో మాట్స్ ఆల్వెసన్, హ్యూ విల్మాట్ కలిసి తెచ్చిన సంకలనంతో 'క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్' అన్న పేరు నిలబడింది. 1999లో మాంచెస్టర్‌లో మొదటి సదస్సు. 2000లో వాలెరీ ఫోర్నియే, క్రిస్ గ్రే ఈ దారికి మూడు గుర్తులు చెప్పారు. లోకం ఇంతే అనిపించేదాన్ని ఇలాగే ఎందుకుండాలి అని తవ్వడం ఒకటి. చదువుకి గమ్యం ఉత్పత్తి పెంచడమే కాదనడం రెండోది. రాసేవాడు తానెక్కడున్నాడో తనని తాను నిలదీసుకోవడం మూడోది. మొదటి రెండూ మనవాళ్లు సినాప్సిస్‌లో చక్కగా రాసేస్తారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి పేజీ అయిపోతుంది.

5. ఎక్కువ కాలం ఉండు.

మైకేల్ బురవోయ్ 1974లో షికాగో దగ్గర ఇంజన్ల ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరుగా చేరి పది నెలలు చేశాడు. తర్వాత తెలిసింది, ముప్పై ఏళ్ల కిందట డొనాల్డ్ రాయ్ అనే పరిశోధకుడు పనిచేసి రాసిన ఫ్యాక్టరీ కూడా అదేనని. పనివాళ్లు ఎందుకు ఒళ్లు దాచుకుంటారు అని అందరూ అడుగుతుంటే, ఈయన వీళ్లు అసలు ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు అని అడిగాడు. కోటా దాటించడం అక్కడ ఒక పందెంలా, ఆటలా సాగేది. ఆ ఆటలో పడి ఆట నియమాలు ఎవరు పెట్టారో మరిచిపోతారు. ఆ ఆటలో ఆయన తానూ పడ్డాడు కాబట్టే అది అంతుపట్టింది. క్వశ్చనేర్ పోస్టు చేసినవాడికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

పది నెలలు నీకెవరూ ఇవ్వరని తెలుసు. పది రోజులైనా ఉండు.

6. ఫ్యాషన్లని వెక్కిరించకు. వాటి తేదీలు రాసుకో.

క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో మొదలైంది హైదరాబాదులోనే తెలుసా? 1980లో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో. వాటికోసం 1982లో పుట్టిన ఫోరం కూడా మన జంటనగరాలదే. నా సర్వీసులోనే దాని వెనక టీక్యూఎం, ఐఎస్ఓ, రీఇంజనీరింగ్, సిక్స్ సిగ్మా, ఇప్పుడు డిజైన్ థింకింగ్. ఎరిక్ అబ్రహామ్సన్ 1990లలో ఇవి బట్టల ఫ్యాషన్లలాగే వస్తాయి, పోతాయి, వాటిని కుట్టిపెట్టే దర్జీలూ ఉంటారు అన్న ధోరణిలో రాశాడు. దర్జీలు నా పోలిక. ఆయన చెప్పింది కన్సల్టెంట్లు, బిజినెస్ పత్రికలు, మాలాంటి ప్రొఫెసర్లు. అంతకుముందే 1977లో మేయర్, రోవన్ ఇంకో మాట చెప్పారు. సంస్థలు చాలా పద్ధతుల్ని ఉపయోగం చూసి పెట్టుకోవు, పదిమందిలో మర్యాద నిలబడుతుందని పెట్టుకుంటాయి, అసలు పని వాటి పక్కనుంచి వేరే దారిలో నడుస్తుంది అని.

నేను చూసిన ఒకానొక ఆఫీసులో 'ఇన్నోవేషన్ సెల్' అని తలుపు మీద ఇత్తడి అక్షరాలున్నాయి. తాళంచెవి అటెండరు దగ్గర. లోపల పాత ఫైళ్లూ, ఎండాకాలానికి దాచిన కూలరూ. నవ్వొచ్చింది. కానీ అదే ఆఫీసులో దరఖాస్తుల కౌంటరు దగ్గర ఒక గుమాస్తా అరిగిపోయిన క్యాలెండరు అట్టల్ని కోసి, ఏ కాగితం లేకపోతే ఏ అట్ట అని రంగులవారీగా చేతికిచ్చేవాడు. చదువురాని ముసలాయన ఎర్ర అట్ట పట్టుకుని వెళ్లి రేషన్ కార్డు జిరాక్సుతో తిరిగొచ్చేవాడు. సెల్‌కి ఆ సంగతి తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి కొంచెం బుద్ధి వచ్చింది.

స్కాట్లాండు ఎలక్ట్రానిక్స్ కంపెనీల మీద బర్న్స్, స్టాకర్ రాసిన 1961 పుస్తకం దొరికితే చదువు. కొత్త సమస్య వచ్చినప్పుడల్లా బిగుసుకుపోయిన కంపెనీ ఇంకో కమిటీ వేస్తుందని అందులో రాశారు. మన డిపార్ట్‌మెంటుని చూసి రాశారేమో అనిపిస్తుంది.

7. మళ్లీ వెళ్లు.

1953లో లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లుకి వచ్చాడు. కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు, ఫలితం మాత్రం రావడం లేదు. 224 మగ్గాల షెడ్డులో పనిని పన్నెండు రకాల ఉద్యోగాలుగా ముక్కలు చేసి ఉంచారు. నేతవాడొకడు, మగ్గం బ్యాటరీలో కండెలు నింపేవాడొకడు, తెగిన పోగులు సరిచేసేవాడొకడు, నూనె వేసేవాడొకడు, ఊడ్చేవాడొకడు. ఒక్కొక్కడి వాటాకొచ్చే మగ్గాల సంఖ్య వేరు కాబట్టి, ఎవడు ఎవడికి తోడో వాళ్లకే తెలియదు. నేతవాడికి తొందరైతే కండెల వాడు పది మగ్గాల అవతల ఇంకొకరి పనిలో ఉంటాడు. రైస్ అన్నది చిన్న మాట. ఇన్ని మగ్గాలకి ఒక చిన్న గుంపు ఉండాలి, ఆ మగ్గాల పనంతా ఆ గుంపుదే. ఆయన ఇంకా వివరాలు గీసుకుంటుండగానే పనివాళ్లూ సూపర్‌వైజర్లూ ఆ మాట అందుకుని, తమలో తామే గుంపులు కట్టేసుకున్నారు. పన్నెండు ముక్కలు చేయడంలోని తెలివితక్కువతనం వాళ్లకి ముందే తెలుసన్నమాట. అడిగినవాళ్లు లేరు.

1958లో రైస్ పుస్తకం వచ్చింది, ప్రపంచమంతా చదివింది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకుందురు. ఆయన సహచరుడు ఎరిక్ మిల్లర్ 1970లో మళ్లీ వెళ్లి చూశాడు. ఒక షెడ్డులో గుంపు పద్ధతి దాదాపు పెట్టినట్టే నడుస్తోంది. మిగతా చోట్ల ఒత్తిళ్లకి కరిగిపోయి పాత దారిన పడింది. రైస్ పుస్తకం కంటే మిల్లర్ వ్యాసమే నాకు ఎక్కువ నచ్చుతుంది. దానికి అంత పేరు రాలేదు.

నేను మా మిల్లుకి మళ్లీ వెళ్లడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. 2009లో వెళ్తే రింగ్ ఫ్రేములున్న షెడ్డులో మిరపకాయ బస్తాలు పేర్చి ఉన్నాయి. ఘాటుకి తుమ్ములు. వాచ్‌మన్ కొత్తవాడు, ఆమె పేరు చెప్తే అలాంటివాళ్లు ఎవరూ తెలియదన్నాడు.

8. మన గడ్డ మీద జరిగినదాన్ని అమెరికా పుస్తకం ద్వారానే తెలుసుకోవడం మానాలి.

1960లలో హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్లెలండ్ వచ్చి కాకినాడ వ్యాపారస్తుల్ని యాభై మందికి పైగా హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కి రప్పించి, సాధించాలనే తపన ఎలా పెంచుకోవాలో శిక్షణ ఇప్పించాడు. రింగులు విసిరే ఆట ఆడించారు, కథలు రాయించారు. తర్వాత వాళ్లలో చాలామంది కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని 1969లో పుస్తకం వచ్చింది. వెనకబాటుతనం మన రక్తంలో ఉందనే వాళ్లకి అది మంచి జవాబు, ఆ మేరకు మెక్లెలండ్‌కి దండం పెడతాను.

అయితే అందులోనే ఇంకో సంగతుంది. శిక్షణ ఎక్కువగా పట్టింది తమ వ్యాపారంలో తామే నిర్ణయం తీసుకోగలిగినవాళ్లకి. అంటే తపన ఒక్కటే చాల్లేదు, చేతిలో తాళంచెవి కూడా ఉండాలి. మన వ్యక్తిత్వ వికాసం వాళ్లు ఆ మొదటి సగం పట్టుకుని నలభై ఏళ్లుగా హాళ్లు నింపుతున్నారు. కాకినాడ షాపుల్లో గల్లా దగ్గర కాక గోడౌన్లో నిలబడిన మనిషి తపన సంగతి ఏమిటని ఒక్క తెలుగు థీసిస్ అయినా రావాల్సింది. నేను చేయిద్దామనుకుంటూనే రిటైరైపోయాను. నీకు ఓపికుంటే చెయ్యి.

9. సంస్థ అనే మాట వినగానే గేటూ బోర్డూ వెతక్కు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒక నేతఇల్లు కూడా ఒక సంస్థే. అక్కడ పట్టుచీరకి ఆసు పోస్తూ, అంటే దారాన్ని చేత్తో అటూ ఇటూ చుడుతూ, తల్లి భుజం పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం బడి మధ్యలో మానేసినవాడైనా ఏళ్ల తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్మశ్రీ కంటే ముందే పల్లెల్లో తిరిగి ఇలాంటివాళ్లని వెతికే పని అహ్మదాబాదులో అనిల్ గుప్తా హనీబీ నెట్‌వర్క్, మన దగ్గర పల్లె సృజన చేశాయి. పేరు, ఊరు, ఫొటోతో సహా ఆ మనిషినే ముందు నిలబెట్టడం వాళ్ల పద్ధతి. నా 'ఆపరేటర్ 7' పక్కన పెట్టి చూసుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది.

10. విమర్శకుల్ని కూడా విమర్శించు.

ఈ క్రిటికల్ వాళ్లు నా వాళ్లే, కాబట్టి తిట్టే హక్కుంది. పేరాకి రెండుసార్లు ఫ్రెంచి తత్వవేత్త ఫూకో పేరు. కార్మికుడి గురించి రాసిన వ్యాసం కార్మికుడు నెల జీతం పోసినా కొనలేని జర్నల్లో. పై వాళ్లు మనుషుల్ని అంకెల్లో కొలుస్తున్నారని గోల, తమ ప్రమోషన్ మాత్రం జర్నల్ ర్యాంకుల లెక్కన. వాళ్లలోనే తెలివైనవాళ్లు దీన్ని గుర్తించారు. 2009లో స్పైసర్, ఆల్వెసన్, కారెమన్ ఎప్పుడూ వద్దు వద్దు అనడం చాలు, దగ్గరికెళ్లి ఏదైనా మార్చే పని చూద్దాం అని రాశారు. 2018లో మార్టిన్ పార్కర్ ఏకంగా బిజినెస్ స్కూళ్లే మూసేయమన్నాడు. ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది వాటిలోనే. అది తప్పని కాదు, తనని తాను నిలదీసుకునే ఆ మూడో గుర్తు అంటే అదే.

నీ థీసిస్ తెలుగులో పది పేజీల్లో రాసి, ఎవరి దగ్గర డేటా తీసుకున్నావో వాళ్లకి ముందు చదివి వినిపించు. వాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోతే ఎక్కడ లేచారో రాసుకో.

11. ఇక నీ క్వశ్చనేర్.

నలభై రెండో ప్రశ్న, 'మీ సంస్థ కొత్త ఆలోచనలను ప్రోత్సహిస్తుందా?' దాన్ని కొట్టెయ్. దానికి వచ్చే జవాబు నాలుగు. ఆ స్థానంలో మూడు అడుగు. ఈ పని తేలికవడానికి మీ అంతట మీరు ఏం చేస్తున్నారు? పైవాళ్లకి చెప్పారా? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు? గడులు వద్దు, నోట్‌బుక్కులో వాళ్ల మాటల్లోనే రాసుకో. చెప్పినదాంట్లో ఏది బయటపెట్టొచ్చో, ఏది వద్దో లేచే ముందు వాళ్లనే అడిగి పక్కన గుర్తు పెట్టుకో.

మొదటి రెండూ ఎప్పుడైనా అడగొచ్చు. మూడోది మాత్రం మేస్త్రీ టీకి వెళ్లాక అడుగు. మా మిల్లులో పదిన్నరకి వెళ్లేవాడు.